వాల్టర్ షూహార్ట్ : హెచ్చుతగ్గుల మర్మం తెలిసిన మనిషి

కొన్ని సంవత్సరాల క్రిందట ఒక ముషాయిరాకు శ్రోతగా వెళ్ళాను. వేదికకు ఇరుప్రక్కలా రెండు లౌడ్ స్పీకర్లు నిలిపారు. రెండూ ఒకే తయారీదారువి, ఒకే పేరు గలవి, ఒకే ధరకు కొన్నవి. అయినా కవిగారి గళం కుడివైపున కూర్చున్న వారికి నిండుగా, గంభీరంగా వినిపించగా, ఎడమవైపున ఉన్న మాకు మాత్రం తగరపు డబ్బాలో నుంచి వచ్చినట్లు వినిపించింది. మైకువాడు తీగలను ఇటువి అటు, అటువి ఇటు మార్చి చూశాడు. తీగలు మారినా లోపం ఆ స్పీకరును వదలలేదు. విసిగిపోయి, ఒకే అచ్చులో పోసినవే గదా, రెండూ ఒకటిగా ఎందుకుండవో అర్థం కావడం లేదని నిట్టూర్చాడు.

ఆ మైకువాని సందేహానికి సమాధానం వెదకడంలో దాదాపు నలభై సంవత్సరాలు గడిపిన మహనీయుడు ఒకరున్నారు. ఆయన కవి కాదు, రాజకీయ నాయకుడు కాదు, లౌడ్ స్పీకరును కనిపెట్టినవాడు కూడా కాదు. భౌతికశాస్త్రం చదివి టెలిఫోను పరికరాల తనిఖీ విభాగంలో ఉద్యోగం చేసిన ఇంజనీరు. పేరు వాల్టర్ ఆండ్రూ షూహార్ట్. నేడు ప్రపంచంలో లౌడ్ స్పీకర్లు గాని, మందుబిళ్ళలు గాని, మోటారు భాగాలు గాని శ్రద్ధగా తయారుచేసే ప్రతి కర్మాగారంలోను ఆయన గీసిన మూడు గీతలు ఏదో ఒక రూపంలో కనిపిస్తాయి. ఆయన పేరు మాత్రం మన విద్యార్థులలో ఎక్కువమందికి తెలియదు. సంఖ్యాశాస్త్రం చదివేవారు కూడా పరీక్షకు ముందు రోజు ఒకసారి చూచి మరచిపోతారు.

షూహార్ట్ 1891వ సంవత్సరం మార్చి 18వ తేదీన అమెరికాలోని ఇలినాయ్ రాష్ట్రంలో న్యూ కాంటన్ అనే చిన్న ఊరిలో జన్మించారు. ఇలినాయ్ విశ్వవిద్యాలయంలో పట్టభద్రులై, అక్కడనే ఎం.ఏ. కూడా పూర్తిచేసి, 1917లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం నుండి భౌతికశాస్త్రంలో డాక్టరేటు పొందారు. చిక్కని ద్రవంలో పడుతున్న సూక్ష్మ బిందువుల చలనం ఆయన పరిశోధనాంశం. కొద్దికాలం అధ్యాపకునిగా పనిచేసి, 1918లో వెస్టర్న్ ఎలక్ట్రిక్ సంస్థ ఇంజనీరింగు విభాగంలో చేరారు. విశ్వవిద్యాలయాన్ని వదలి కర్మాగారానికి వెళ్ళిన విద్వాంసుని పట్ల లోకానికి ఒకింత చిన్నచూపు ఉంటుంది. ఈయన విషయంలో ఆ కర్మాగారమే గొప్ప ప్రయోగశాల అయింది.

వెస్టర్న్ ఎలక్ట్రిక్ అంటే నాటి అమెరికా టెలిఫోను వ్యవస్థకు పరికరాలు చేసియిచ్చే సంస్థ. చికాగో ప్రక్కన సిసిరోలో దానికి హాథార్న్ అనే మహా కర్మాగారం ఉండేది. 1920ల చివర అక్కడ 40,000 మందికి పైగా పనిచేశారు. టెలిఫోను రిసీవర్లు, ట్రాన్స్‌మిటర్లు, స్విచ్చులు, తీగలు మొదలుకొని, బహిరంగ సభలలో వాడే లౌడ్ స్పీకర్ల వరకు ఈ సంస్థ తయారుచేసింది. 1921 నవంబరు 11న వాషింగ్టన్ సమీపాన ఆర్లింగ్టన్‌లో అజ్ఞాత సైనికుని అంత్యక్రియలు జరిగినపుడు అక్కడి ప్రసంగాలను న్యూయార్కు, శాన్‌ఫ్రాన్సిస్కో నగరాలలోని జనసమూహాలకు టెలిఫోను తీగల ద్వారా, లౌడ్ స్పీకర్ల ద్వారా వినిపించినవారు ఈ వ్యవస్థ ఇంజనీర్లే. నిజానికి టెలిఫోను రిసీవరు, లౌడ్ స్పీకరు ఒకే తల్లి బిడ్డలు. అయస్కాంతం, తీగచుట్ట, కంపించే పలుచని పొర - ఈ మూడూ రెండింటిలోను ఉన్నాయి. ఒకటి చెవి దగ్గర గుసగుసలాడుతుంది, మరొకటి మైదానమంతా మారుమ్రోగుతుంది.

నాడు తనిఖీ అంటే తయారైన వస్తువును చివర నిలబెట్టి, బాగుంటే పంపడం, బాగులేకుంటే ప్రక్కన పారవేయడం. పారవేసిన దానికయిన ఖర్చు తిరిగి రాదు. పైగా టెలిఫోను వ్యవస్థలో ఆంప్లిఫయర్లు మొదలైన కొన్ని పరికరాలను భూమిలో పాతవలసి వచ్చేది. ఒకసారి పాతిన తరువాత చెడిపోతే త్రవ్వి తీయాలి. అందుచేత ఒక వస్తువు వలెనే మరొక వస్తువు ఉండాలన్న పట్టుదల ఆ సంస్థలో మెండుగా ఉండేది. కొలతలో ఏ కొంచెం తేడా కనిపించినా వెంటనే యంత్రాన్ని సరిచేసేవారు. ఎంత సరిచేస్తే అంతగా తేడాలు పెరిగాయని, షూహార్ట్‌ను గురువుగా భావించిన ఎడ్వర్డ్స్ డెమింగ్ తరువాతి కాలంలో తన ఉపన్యాసాలలో చెప్పేవారు.

ఇది వింతగా తోచవచ్చు. ఒక లౌడ్ స్పీకర్ల కర్మాగారాన్ని ఊహించుకొని చూద్దాం. ప్రతి స్పీకరుకు ఒక సహజ పౌనఃపున్యం ఉంటుంది. కోన్ బరువు మీద, దానిని పట్టి ఉంచే అంచు, స్పైడర్ల బిగువు మీద అది ఆధారపడుతుంది. బరువు పెరిగితే పౌనఃపున్యం తగ్గుతుంది, బిగువు పెరిగితే హెచ్చుతుంది. మన కర్మాగారంలో అది సెకనుకు 60 కంపనాలుగా ఉండాలని నిర్ణయించారనుకుందాం. కాగితపు గుజ్జు మందంలో వెంట్రుకవాసి తేడా, జిగురు చుక్కలో పిసరంత తేడా, ఆనాటి గాలిలోని తేమ, ఇట్టివన్నీ కలిసి ఒకటి 58, ఒకటి 61, ఒకటి 59 అవుతాయి. వీటిలో దేనికీ ప్రత్యేకమైన దోషి లేడు. 58 వచ్చిన వెంటనే పనివాడు యంత్రాన్ని రెండు కంపనాల మేరకు పైకి త్రిప్పాడనుకోండి. తరువాతి స్పీకరు తన సహజమైన హెచ్చుతగ్గుకు తోడు ఈ దిద్దుబాటును కూడ మోస్తుంది. ఇట్లా ప్రతిసారీ పూర్తిగా దిద్దుతూ పోతే స్పీకర్ల మధ్య తేడాల వ్యాప్తి తగ్గకపోగా సుమారు 40 శాతం పెరుగుతుందని లెక్క కట్టి చూపవచ్చు. శ్రద్ధ ఎక్కువైన కొద్దీ వస్తువు చెడడం అంటే ఇదే.

మరి దిద్దవలసినది ఎప్పుడు? ఊరకుండవలసినది ఎప్పుడు? ఈ ఒక్క ప్రశ్నకు 1924 మే 16వ తేదీన షూహార్ట్ తన పై అధికారి జార్జి ఎడ్వర్డ్స్‌కు ఒక చిన్న పత్రం సమర్పించారు. దాని నిడివి ఒక పుట మాత్రమే. అందులోను మూడవ వంతు స్థలం ఒక పటానికే పోయింది. విజ్ఞానచరిత్రలో మహాగ్రంథాలు చేయలేని పనిని ఆ ఒక్క పుట చేసింది.

ఆ పటం తీరు చాల సులభం. కొలతల సగటుకు నడుమ ఒక గీత గీయాలి. దానికి పైన ఒకటి, క్రింద ఒకటి హద్దు గీతలు గీయాలి. వస్తువులు తయారవుతున్న వరుసలోనే నాలుగేసి గాని ఐదేసి గాని తీసి కొలిచి, వాటి సగటును ఒక చుక్కగా గుర్తించాలి. చుక్కలు హద్దుల నడుమ అటూ ఇటూ తిరుగుతున్నంతవరకు అవి యాదృచ్ఛిక కారణాల ఫలితం. యంత్రం జోలికి పోరాదు. చుక్క హద్దు దాటితే మాత్రం వెదకి పట్టుకోదగిన ఒక కారణం ప్రవేశించినట్లు. పని ఆపి దానిని వెదకాలి. హద్దులను సగటుకు మూడు ప్రామాణిక విచలనాల దూరంలో ఉంచడం మేలని ఆయన తేల్చారు. కొలతలు గంట ఆకారపు వక్రరేఖను అనుసరించినపుడు కారణం లేకుండానే హద్దు దాటే చుక్కలు వేయింటికి మూడు మాత్రమే. అయితే షూహార్ట్ ఈ లెక్కనే పట్టుకొని వ్రేలాడలేదు. లేని దోషిని వెదకడానికయ్యే ఖర్చు, ఉన్న దోషిని వదలివేయడం వలన వచ్చే నష్టం - ఈ రెండింటినీ తూచి, అనుభవంలో పనికివచ్చిన హద్దు ఇదని చెప్పారు. భౌతికశాస్త్రజ్ఞునిలో ఇంతటి లౌకిక జ్ఞానం అరుదు.

మన కర్మాగారానికే తిరిగి వద్దాం. విడి స్పీకర్ల ప్రామాణిక విచలనం 2 కంపనాలైతే, నాలుగేసి స్పీకర్ల సగటుకు అది 1 అవుతుంది. కాబట్టి హద్దులు 57, 63. కొనుగోలుదారు 50 నుండి 70 వరకు అంగీకరిస్తాడనుకుందాం. ఉదయమంతా చుక్కలు 60 చుట్టూ తిరిగాయి. మధ్యాహ్నం భోజనానంతరం 61, 62, తరువాత 64. చివర నిలబడిన తనిఖీదారు అన్నింటినీ బాగున్నాయని పంపివేస్తాడు, ఎందుకనగా 64 కూడా అంగీకారంలోనే ఉన్నది. పటం మాత్రం ఆగమంటుంది. 60 నుండి 64కు పోవడమంటే అంచు బిగువు దాదాపు 14 శాతం పెరగడం. వెళ్ళి చూస్తే, అంచులకు పూసే లేపనం క్రొత్త డబ్బా విప్పి ఉంటారు. వస్తువు చెడక ముందే, చెడబోతున్నదన్న వార్త అందింది. పాతపద్ధతిలో ఈ వార్త నెల తరువాత, వాడుకదారుని ఫిర్యాదు రూపంలో వచ్చేది.

ఇక్కడ విద్యార్థులు గమనించవలసిన సూక్ష్మం ఒకటుంది. ఈ 61, 62, 64 అంకెలను ఉదయపు అంకెలతో కలిపి ఒక బుట్టలో పోసి కలియబెడితే సగటు, విచలనం మాత్రమే మిగులుతాయి. మధ్యాహ్నం ఏదో జరిగిందన్న సంగతి మాయమవుతుంది. అంకెలకు వరుస ఒక ప్రాణం. ఆ వరుసను కాపాడనిదే కొలతలకు అర్థం లేదని షూహార్ట్ పట్టుబట్టారు. నాటి సంఖ్యాశాస్త్రవేత్తలు పొలాలలోని పంటను, జనాభాను లెక్కించేవారు. ప్రవాహం వలె ఆగక పుట్టుకొచ్చే వస్తువుల వరుసను వారు అంతగా పట్టించుకోలేదు.

లౌడ్ స్పీకర్ల తయారీదారులు ఈ వరుసను తమదైన తీరులో భద్రపరచుకొన్నారు. అమెరికాలో తయారైన పాత స్పీకర్ల ఇనుప చట్రం మీద ఒక అంకెల వరుస ముద్రించి ఉంటుంది. మొదటి మూడంకెలు తయారీదారువి. డెన్మార్కు నుండి వలస వచ్చిన పీటర్ జెన్సెన్ పేరు మీదుగా నడచిన సంస్థకు 220. తరువాతవి సంవత్సరాన్ని, వారాన్ని తెలుపుతాయి. సంవత్సరానికి ఒకే అంకె వేసిన స్పీకర్లు కూడా కలవు. 220614 అని ఉంటే అది 1956లో 14వ వారమో, 1966లో 14వ వారమో ఇతర లక్షణాలను బట్టి ఊహించుకోవాలి. అంత పిసినారితనం ఎందుకో! దీనికి తోడు మంచి కర్మాగారాలు ఒక ఆదర్శ స్పీకరును బీరువాలో దాచి, పరీక్షా పరికరాలను దానితో సరిచూసుకొంటాయి. గదిలోని వేడి, తేమ పరికరాన్ని మోసగించినా ఆదర్శ స్పీకరును కూడ అంతే మోసగిస్తాయి గనుక రెండింటి నడుమ తేడా నిజమైనదే అవుతుంది.

అయినా జాగ్రత్త చాలదు. బ్రిటిషు ప్రసార సంస్థ బి.బి.సి. 1970లలో తన ప్రసార వాహనాలలో వాడకానికి ఎల్.ఎస్. 3/5ఎ అనే చిన్న స్పీకరును రూపొందించింది. దానిలోని చిన్న, పెద్ద స్పీకర్లు రెండింటినీ కెంట్ ప్రాంతంలో రేమండ్ కుక్ 1961లో స్థాపించిన కెఇఎఫ్ సంస్థ చేసియిచ్చేది. ఒకరితో నొకరు పోటీపడే పలువురు తయారీదారులు అనుమతి పొంది దానిని చేసినా అన్నీ ఒకే తీరుగా పలకాలన్నది నియమం. పదేళ్ళు గడిచేసరికి పెద్ద స్పీకరు లక్షణాలు కొంచెం కొంచెంగా మూలం నుండి జరిగిపోయాయి. 1980ల చివర లోపలి విద్యుద్విభాజక వలయాన్నే క్రొత్తగా రూపొందించవలసి వచ్చింది. కెఇఎఫ్ వంటి శ్రద్ధగల సంస్థకే ఈ అనుభవం తప్పలేదు. ఏ ఒక్క అడుగూ కనిపించనంత నెమ్మదిగా జరిగే జరుగుబాటును పట్టుకోవడం అన్నింటికన్న కష్టం.

1925లో బెల్ టెలిఫోను ప్రయోగశాలలు ఏర్పడగా షూహార్ట్ అందులో చేరి, 1956లో పదవీ విరమణ చేసేవరకు అక్కడనే ఉన్నారు. హెరాల్డ్ డాడ్జి, హ్యారీ రోమిగ్ ఆయన సహచరులు. 1931లో తయారీ వస్తువుల నాణ్యతను పొదుపుగా నియంత్రించడం గురించి ఐదువందల పుటల గ్రంథం ప్రకటించారు. అందులో 204 విద్యుత్ నిరోధక కొలతల ఉదాహరణ ప్రసిద్ధమైనది. గుట్టగా చూస్తే ఆ కొలతలలో విశేషమేమీ తోచదు. వచ్చిన వరుసలో నాలుగేసి చొప్పున 51 గుంపులు చేసి పటం మీద పెట్టగా కొన్ని చుక్కలు హద్దులు దాటాయి. కారణాలు వెదకి తొలగించిన పిమ్మట తరువాతి కొలతలు హద్దులలో నిలిచాయి.

ఆయనకు ఒక పాత్ర ఉండేది. అందులో అంకెలు వేసిన 998 బిళ్ళలు. ఒక్కొక్కటే తీసి, అంకె వ్రాసుకొని, తిరిగి వేసి, కలిపి మరల తీయడం. ఇట్లా నాలుగువేల సార్లు తీసిన లెక్కలు ఆ గ్రంథంలో అచ్చయినాయి. కంప్యూటర్లు లేని రోజులలో యాదృచ్ఛికం అంటే ఏమిటో చేతితో తాకి తెలుసుకొన్నారు. మన పెద్దలు అష్టాచెమ్మా గవ్వలు వేసి నేర్చుకొన్న పాఠమే ఇది. వరుసగా మూడుమార్లు చిన్న పందెం పడితే గవ్వలను మార్చమని అలిగేవారు అప్పుడూ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు.

ఈ సందర్భంలో ఒక మాట అనకుండా ఉండలేను. కళాశాలలో ఒక పాఠ్యాంశపు ఉత్తీర్ణత ఒక యేడు 71 శాతం, మరుసటి యేడు 68, ఆ తరువాత 73 అయితే, 68 వచ్చిన యేడు అధ్యాపకుని సంజాయిషీ అడగడం, 73 వచ్చిన యేడు పూలమాల వేయడం మనకు అలవాటు. షూహార్ట్ పటం మీద ఆ మూడు చుక్కలూ నడుమ గీత చుట్టూ తిరుగుతున్నవే కావచ్చు. పనివాని చేతిలో లేని తేడాకు పనివానిని నిందించడం అన్యాయమన్నది ఆయన గణితంలోనే ఇమిడి ఉన్నది. యాదృచ్ఛిక కారణాలను తగ్గించాలంటే ముడిసరుకును, యంత్రాన్ని, పద్ధతిని మార్చాలి. ఆ అధికారం యాజమాన్యానిదే. కళాశాల సంఘంలోని పెద్దలు ఈ వాక్యాన్ని క్షమింతురు గాక!

షూహార్ట్ స్వభావం మృదువైనది, శైలి మాత్రం కఠినమైనది. తత్త్వశాస్త్రమంటే, విశేషించి సి.ఐ. లూయిస్ రచనలంటే ఆయనకు మక్కువ. మనకు తెలిసినదని చెప్పుకొనే దానిలో నిజంగా తెలిసినదెంత అన్న విచారం ఆయన పుటలలో పదేపదే ఎదురై, త్వరగా పని తెలుసుకొనగోరే ఇంజనీరును బెదరగొడుతుంది. ఆ కొరత డెమింగ్ తీర్చారు. 1938లో అమెరికా వ్యవసాయశాఖ విద్యాలయంలో షూహార్ట్ ఇచ్చిన ఉపన్యాసాలను ఆయన సంపాదకత్వం వహించి 1939లో గ్రంథంగా వెలువరించారు. రెండవ ప్రపంచ యుద్ధకాలంలో ఈ పటాలు అమెరికా ఆయుధ పరిశ్రమకు ప్రమాణాలయ్యాయి. 1950లో డెమింగ్ వాటిని జపానుకు తీసుకొనిపోయారు. తరువాతి దశాబ్దాలలో జపాను రేడియోలు, స్పీకర్లు ప్రపంచపు అంగళ్ళను నింపిన కథ అందరికీ తెలిసినదే.

జపాను కన్న ముందు షూహార్ట్ స్వయంగా అడుగుపెట్టినది మన దేశంలో. ప్రశాంతచంద్ర మహలనోబిస్ కలకత్తాలో భారత గణాంక సంస్థను స్థాపించినది 1931లో, అనగా షూహార్ట్ గ్రంథం వెలువడిన సంవత్సరమే. ఆయన ఆహ్వానం మీద 1947-48లో షూహార్ట్ భారతదేశానికి వచ్చి, దేశంలో పర్యటించి, పారిశ్రామికులతో సమావేశమై తన పద్ధతిని బోధించారు. స్వాతంత్ర్యం వచ్చి నెలలే గడిచిన కాలమది. విభజన గాయాలు పచ్చిగా ఉన్నాయి. అట్టి సమయంలో కొలతల వరుస గురించి, హద్దు గీతల గురించి వినడానికి కూర్చున్నవారి ఓర్పును మెచ్చుకోవాలి. తరువాతి కాలంలో ఆ సంస్థ నాణ్యతా నియంత్రణ కేంద్రాలను పలు నగరాలలో నెలకొల్పింది, వానిలో మన హైదరాబాదు కూడ ఒకటి.

తెలుగువారికి మరొక సంబంధం కూడ కలదు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివి 1941లో ఆ గణాంక సంస్థలో చేరిన కల్యంపూడి రాధాకృష్ణారావు గారు షూహార్ట్ వచ్చిన సమయానికి కేంబ్రిడ్జిలో పరిశోధన చేస్తున్నారు. అయితే వైలీ ప్రచురణ సంస్థ సంఖ్యాశాస్త్ర గ్రంథమాలకు షూహార్ట్ 1943 నుండి ఇరవై సంవత్సరాలకు పైగా సంపాదకులు. రావు గారి మొదటి పెద్ద గ్రంథం 1952లో వెలువడినది ఆ గ్రంథమాలలోనే. ఒకరు ప్రయోగశాలలోని రిసీవర్ల దగ్గర, మరొకరు జీవశాస్త్రపు కొలతల దగ్గర మొదలుపెట్టి ఒకే అలమారలో చేరుకొన్నారు.

అమెరికా సంఖ్యాశాస్త్ర సంఘానికి షూహార్ట్ 1945లో అధ్యక్షులు. 1962లో భారత గణాంక సంస్థ ఆయనకు గౌరవ డాక్టరేటు సమర్పించింది. 1967 మార్చి 11వ తేదీన, 76వ జన్మదినానికి ఒక్క వారం ముందు, న్యూజెర్సీ రాష్ట్రంలోని ట్రాయ్ హిల్స్‌లో కన్నుమూశారు.

ముషాయిరా ముగిసిన రాత్రి, కుర్చీలు ఎత్తుతుండగా, మైకువానిని అడిగి ఆ రెండు స్పీకర్ల వెనుక భాగాన్ని టార్చిలైటుతో చూశాను. కుడివైపు దానికి చట్రం మీద అంకెలు స్పష్టంగా ఉన్నాయి. ఎడమవైపు దానికి ఎప్పుడో కోన్ మార్పించారట. బాగుచేసిన వారెవరో చట్రానికంతటికీ నల్లరంగు పూసివేశారు. గోటితో గీకి చూచాను. రంగుతో పాటే అంకెలు కూడ పొడిగా రాలిపోయాయి.